రెండు స్కూళ్లూ తెలిసిన మనిషి

ఆదివారం వచ్చిందంటే మా వసారాలో కాలు పెట్టడానికి చోటుండదు. బల్ల మీద ముగ్గురు, మెట్ల మీద ఇద్దరు, గోడకానుకుని ఒకరు, వాళ్ల పిల్లలు లోపలా బయటా. అందరూ మా నాన్న కోసం వచ్చినవాళ్లే. ఆయన డాక్టరు కాదు, వకీలు కాదు. ఇరవయ్యేడేళ్లు ఒక స్కూల్లో గంట కొట్టి రిటైరై, ఇప్పుడు ఇంకో స్కూలు గేటు దగ్గర నిలబడే మనిషి. పేరుతో ఆయన్ని ఎవరూ పిలవరు. పెద్దవాళ్లకి గంటల మావయ్య, పిల్లలకి గంటల తాత.

ఆ రెండు స్కూళ్లూ ఒకే రోడ్డుకి చెరో చివరా ఉన్నాయి. ఒక చివర పాత స్కూలు. ఎర్ర ఇటుకల గోడలు, అరిగిపోయిన రాతి మెట్లు, క్లాసుకి నలభై ఎనిమిది మంది, ఏటా పేపర్లో ర్యాంకుల ఫొటోలు. ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ ఆఫీసుకి వెళ్లినా కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆ మెట్లెక్కినవాళ్లే. రెండో చివర ఇంటర్నేషనల్ స్కూలు. పచ్చిక, గాజు గోడలు, క్లాసుకి ఇరవై మంది, పాఠాలు విదేశాల నుంచి, చదువయ్యాక పిల్లలు వెళ్లేది కూడా విదేశాలకే. రెండూ పెద్ద పేరున్నవే. దేంట్లో చేర్చాలో తేలక తల్లిదండ్రులు నలిగిపోతుంటారు. రెండింటి లోపలా పనిచేసి చూసిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయన మా ఇంట్లో ఉన్నాడు, నా ఖర్మ.

ఖర్మ అని ఎందుకంటున్నానంటే, సలహా ఆయనదైనా వంటిల్లు నాది. నాన్న మార్కుల కాగితాలు చూడడు. వచ్చిన పిల్లనో పిల్లాణ్నో ఎగాదిగా చూసి, "లోపలికెళ్లి ఓ గ్లాసుడు మంచినీళ్లు పట్టుకురా" అంటాడు. అంతే. ఇక ఆ పిల్ల ఏం చేస్తుందో చూస్తూ కూర్చుంటాడు. కొందరు కదలకుండా వాళ్లమ్మ మొహంలోకి చూస్తారు. కొందరు సగం వింటూనే పరిగెడతారు. కొందరు ఏ గ్లాసు, ఎవరికి, చల్లవా మామూలువా అని ఆరా తీస్తారు. పళ్ల డాక్టరుగారబ్బాయైతే లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. వెళ్లి చూద్దును కదా, నా గ్లాసులన్నీ కిందికి దించి, ఏది ఎన్ని నీళ్లు పడుతుందో ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోసి కొలుస్తున్నాడు.

నాన్న తీర్పు అక్కడికక్కడే. అమ్మ మొహం చూసిన పిల్లని కొత్త స్కూలుకి పంపమంటాడు. "అక్కడ ప్రతి చిన్నదానికీ నీకేమనిపిస్తోందని పిల్లనే అడుగుతారమ్మా. నెల తిరిగేసరికి నోరు విప్పుతుంది." సగం విని పరిగెత్తినవాణ్ని పాత స్కూలుకి పంపమంటాడు. "అక్కడ కూర్చోబెడతారు. వీడు కాసేపు కూర్చోవాలి." గ్లాసులు కొలిచినవాడి సంగతేమిటని అడిగితే, "వాణ్ని ఎక్కడ పడేసినా ఫరవాలేదు" అన్నాడు. పళ్ల డాక్టరు దాన్ని పొగడ్త కిందే జమకట్టుకుని సంతోషంగా వెళ్లిపోయాడు. నేను వంటింటి నేల తుడుచుకున్నాను.

నాన్న పాత స్కూల్లో అటెండరుగా చేరినప్పుడు ఆయనకి ముప్ఫై ఒక్కేళ్లు. చాక్‌పీసులు పంచడం, నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకీ తిప్పడం, హెడ్మాస్టారి గది తుడవడం, అన్నీ ఆయన పనులే. కానీ ఆయన లెక్కలో ఆయనది ఒకటే ఉద్యోగం, గంట. వరండా చివర దూలానికి వేలాడే పళ్లెమంత ఇత్తడి బిళ్ల, ఒక చెక్క సుత్తి. రోజుకి పదకొండుసార్లు. ఆయన చెయ్యి లేస్తే పద్దెనిమిది వందల మంది లేచేవారు.

రిటైరయ్యాక మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన మా దగ్గరే ఉంటున్నాడు కాబట్టి, ఆ మూడు వారాలూ మాకు తలప్రాణం తోకకొచ్చింది. "అమ్మాయ్, సెకండ్ పీరియడ్ అయిపోతోంది, ఇంకా నీ స్నానం కాలేదా?" అనేవాడు. టీ కావాలని అడిగేవాడు కాదు, "ఇంటర్వెల్" అనేవాడు. మా ఆయన బస్సు కండక్టరు. బస్సులో ఎంత అరిచినా ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు కూడా ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "మావయ్యగారిని ఎక్కడైనా పనిలో పెడదామా, నన్ను డిపోలోనే పడుకోమంటావా?" అన్నాడు.

అప్పుడే కొత్త స్కూలువాళ్లు గేటుకి మనిషి కావాలన్నారు. నాన్న వెళ్లాడు, చేరాడు. నీలం చొక్కా, ఛాతీ మీద బిళ్ల, చేతిలో వాకీటాకీ.

అక్కడ గంట లేదు. నాన్నకి అదే మింగుడు పడలేదు. టీచర్లు చేతి గడియారం చూసుకుంటారట, పిల్లలు వాళ్లంతట వాళ్లే ఇంకో గదికి నడిచి వెళ్తారట. "ఎవరూ ఏమీ చెప్పకుండా ఎలా లేస్తారమ్మా?" అని రోజూ ఇంటికొచ్చి నన్నడిగేవాడు, అక్కడికి నేనేదో వాళ్లని లేపుతున్నట్టు. చేరిన ఆరో రోజు పొద్దున పదీ నలభైకి, అంటే సరిగ్గా పాత స్కూల్లో ఇంటర్వెల్ వేళకి, గేటు గదిలో కుర్చీలోంచి లేచాడు. గోడకి ఎర్రరంగు పిడి ఉన్న చేతిగంట ఒకటి వేలాడుతోంది. దాన్ని తీసి, కళ్లు అరమూసి, ఇరవయ్యేడేళ్ల పనితనమంతా చూపించి మోగించాడు.

అది నిప్పంటుకున్నప్పుడు కొట్టాల్సిన గంట.

నాలుగు వందల మంది పిల్లలు వరసలు కట్టి పచ్చిక మీదికొచ్చేశారు. నారింజరంగు కోట్లు తొడుక్కున్న టీచర్లు పేర్లు పిలవడం మొదలుపెట్టారు. వంటవాళ్లు గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు. ఆఫీసులో ఎవరో రూలు ప్రకారం ఫోన్ కూడా చేసేశారు. పదకొండు నిమిషాల్లో ఫైరింజను గేటు ముందుంది. నాన్న గేటు బార్లా తీసి దానికి సెల్యూట్ కొట్టాడు. ఇంకేం చెయ్యాలో ఆయనకి తోచలేదట.

ప్రిన్సిపాలు విదేశీ ఆవిడ. నాన్న భాషలో పెద్ద మేడమ్. ఆవిడ వచ్చి, గంట ఎవరు కొట్టమన్నారని అడిగింది. "అలవాటు మేడమ్" అన్నాడు నాన్న. ఆఫీసమ్మాయి ఆ ఒక్క మాటనీ ఆవిడ భాషలోకి మార్చడానికి చాలాసేపు కష్టపడిందట. అంతా విని పెద్ద మేడమ్ గడియారం చూసుకుంది. ముందుగా చెప్పి చేయించిన ఏ డ్రిల్లులోనూ పిల్లలు ఇంత తొందరగా బయటికి రాలేదు. ఉద్యోగం పోలేదు సరికదా, ఇకనుంచి నెలకోసారి తనతో సహా ఎవరికీ చెప్పకుండా, నీకు తోచినప్పుడు కొట్టమని ఆ గంట ఆయనకే అప్పగించింది. ఆ సాయంత్రం నాన్న ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు.

"అమ్మాయ్, పాత స్కూల్లో నేనోసారి పొరపాటున లాంగ్‌బెల్ పావుగంట ముందు కొట్టాను" అన్నాడు నవ్వుతూ. "మూడు నిమిషాల్లో స్కూలు ఖాళీ. హెడ్మాస్టారు కూడా గొడుగు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఎందుకు కొట్టావని ఒక్కడడిగితే ఒట్టు. ఇక్కడ ఫైరింజను అటు వెళ్లిందో లేదో, పదహారు మంది పిల్లలు నా గది ముందు చేరి, ఎందుకు కొట్టావ్, ఎందుకు కొట్టావ్ అని నా ప్రాణం తోడేశారు."

ఇలాంటి మనిషి, ఊళ్లోవాళ్లందరికీ నిమిషంలో తీర్పు చెప్పే మనిషి, సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలాడు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పొద్దున కళ్లు తెరిచింది మొదలు నోరు మూత పడదు కాబట్టి నాన్న దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు, అదే ఖాయమైపోయింది. కొత్త స్కూల్లో మూడేళ్లు పనిచేసినవాళ్ల ఇంట్లోంచి ఒక పిల్లని ఫీజు లేకుండా చేర్చుకుంటారు. నాన్నకి ఆ మూడేళ్లూ నిండాయి. పాత స్కూల్లోనేమో నేను చదువుకున్నాను, పరీక్ష పాసైతే పిచ్చుకకి సీటు ఖాయం. రెండు స్కూళ్లవాళ్లూ శుక్రవారంలోపు మాట చెప్పమన్నారు. నేను మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. రోజంతా జనానికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్తాను. నా పిల్లకి ఏ స్కూలో మాత్రం నాకు తేలలేదు. నాన్న ఒక్క మాట చెప్తే చాలనుకున్నాను.

ఆదివారం జనమంతా వెళ్లాక, "దీన్ని కూడా పరీక్షించు నాన్నా" అన్నాను.

ఆయన అయిష్టంగానే, "పిచ్చుకా, గ్లాసుడు మంచినీళ్లు పట్టుకురా" అన్నాడు.

పిచ్చుక నడుం మీద చెయ్యేసుకుంది. "నీకు దాహమేస్తోందా? లేకపోతే ఊరికే చూడ్డానికా?"

"ఊరికే."

"అయితే దాహమేసినప్పుడు చెప్పు, తెస్తా."

మా ఆయన పడీపడీ నవ్వాడు. నేను నాన్న వైపు తిరిగి, "ఊఁ, ఏ స్కూలు?" అన్నాను. నాన్న చెప్పుల్లో కాళ్లు దూర్చి, "రెండూ మంచివే" అని వీధిలోకి వెళ్లిపోయాడు.

రెండూ మంచివే! ఆ ముక్క చెప్పడానికి రెండు స్కూళ్లలో పనిచెయ్యాలా? ఎవరెవరి పిల్లలకో నా గ్లాసులు ఖర్చుపెట్టి సలహాలిచ్చి, ఇంట్లో పిల్లకి ఇదా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముక్కుమీద కోపం నాకు పుట్టుకతోనే ఉంది, కాదనను. కానీ ఆ రోజు ఎవరికైనా వచ్చేదే.

సోమవారం పిచ్చుకని పాత స్కూలుకి పరీక్షకి తీసుకెళ్లాను. ఆ మెట్లెక్కుతుంటే నాకు తెలియకుండానే నా నడక సర్దుకుంది, కుడివైపుకి జరిగి వరసలో నడిచాను. అరవై మంది పిల్లలు గంటన్నర సేపు తల ఎత్తకుండా రాశారు. బెంచీ కిర్రుమంటే అందరూ ఉలిక్కిపడేంత నిశ్శబ్దం. నాకు లెక్కలు చెప్పిన టీచరు ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్. నాకు భిన్నాలు బుర్రకెక్కకపోతే నెల రోజులు తన ఇంటర్వెల్ మానుకుని మరీ నేర్పిన మనిషి ఆవిడ. ఇప్పటికీ సాయంత్రం ఆరింటిదాకా వెనకబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్తోందట, పైసా తీసుకోకుండా.

"మేం పిల్లల్ని ముద్దు చెయ్యమమ్మా. కానీ ఒక్కళ్లని కూడా వదిలెయ్యం" అంది. అది నిజమని నాకు తెలుసు. తర్వాత, "మీ నాన్న వెళ్లాక కరెంటు గంట పెట్టించాం. టైముకే మోగుతుంది కానీ దాని గొంతేమీ బాగోలేదు" అంది. నేను నవ్వేసి మాట మార్చాను. ఎందుకు మార్చానో అప్పుడు ఆలోచించలేదు.

పిచ్చుక పాసైంది. ఆ పేపరు నాకు చూపించారు. ఒక కుళాయి తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది, ఇంకోటి ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ తెరిచి ఉంచితే ఎంతసేపట్లో నిండుతుంది అని లెక్క. పిచ్చుక జవాబు సరిగ్గానే రాసింది. కింద ఇంకో వాక్యం కూడా రాసింది: "రెండోది ఎవరు వదిలేశారు? కట్టెయ్యమని చెప్పండి." దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. "మార్కులు తియ్యలేదులే. ఇలాంటివి రెండు నెలల్లో సర్దుకుంటాయి" అని హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. స్కూలు ఎలా ఉందని దారిలో పిచ్చుకని అడిగాను. "మెట్లు బాగున్నాయి, జారొచ్చు" అంది.

బుధవారం కొత్త స్కూలు. పిల్ల ఒక పూట క్లాసులో కూర్చుంటుంది, వాళ్లు చూస్తారు, మనం చూడొచ్చు. గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. మేం నడిచి వెళ్లాం. నీలం చొక్కాలో నాన్న నిటారుగా నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి రిజిస్టరు ముందుకి తోసి, మా తలల మీదుగా ఎటో చూస్తూ, "గుడ్ మార్నింగ్ మేడమ్. పేరు రాసి లోపలికెళ్లండి" అన్నాడు.

మేడమ్! నేను! పొద్దున ఇదే మనిషి, చారెడు పంచదార వేస్తే తప్ప టీ తాగనని నాతో దెబ్బలాడి వచ్చాడు.

పిచ్చుక ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "తాతయ్యా! నన్ను చూడవేంటి? కళ్లజోడు మర్చిపోయావా?"

నాన్న అవతలి చెట్ల కొమ్మలకేసి చూశాడు. వెనక కారు హారన్ మోగింది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను. పళ్లు నూరుకుంటూ నడిచానని వేరే చెప్పక్కర్లేదు.

లోపల మరో లోకం. టీచరు నేల మీద దిండు వేసుకుని కూర్చుంది. పిల్లలు ఆవిణ్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒక తొట్టిలో నీళ్లు, చుట్టూ చెక్కముక్కలు, మేకులు, సీసాలు. ఇంత చిన్న మేకు మునిగి అంత పెద్ద పడవ ఎందుకు తేలుతుంది అన్నది ప్రశ్న. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదొక్కటే ప్రశ్న. ఒక్కరూ జవాబు చెప్పరు. నా నాలుక దురద పెట్టింది, నేనే చెప్పేద్దామా అనిపించింది, నాకూ సరిగ్గా తెలియదు కాబట్టి ఊరుకున్నాను. గోడలకి ర్యాంకులు లేవు, పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. పుస్తకాల గదికి తాళం లేదు. ఇరవై రెండు దేశాల పిల్లలట. పిచ్చుక పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం, పెద్దవాళ్లకి బదిలీలై తన స్నేహితురాళ్లు రెండేళ్లకోసారి వెళ్లిపోతుంటారని, నీ మీద ఇష్టం పెంచుకోవచ్చా, నువ్వెన్నాళ్లుంటావ్ అని దాన్ని అడిగింది. నాకు మనసు చివుక్కుమంది.

చేరికలు చూసే ఆవిడ, "ఇక్కడ ప్రతి పిల్లా తన దారి తనే వెతుక్కుంటుంది" అంది. "వెతికినా దొరక్కపోతేనో?" అన్నాను. ఆవిడ చిరునవ్వు నవ్వి, నేనన్నది నోట్‌బుక్‌లో రాసుకుంది. పాత స్కూల్లో అయితే దారి వాళ్లే చూపించేవారు, వద్దన్నా సరే.

బయటికొచ్చాక పిచ్చుక గెంతుతూ, "పడవ ఎందుకు తేలుతుందో రేపు కనుక్కుంటారంటమ్మా, రేపు కూడా వెళ్దామా?" అంది. పది అడుగులు వేశాక ఆగింది. "తాతయ్యకి నా మీద కోపమా?"

సాయంత్రం నాన్న వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే నేను మొదలుపెట్టాను. "సొంత మనవరాలు పలకరిస్తే చెట్లకేసి చూస్తావా? పిల్ల ఎంత చిన్నబుచ్చుకుందో తెలుసా? ఆ గొప్పింటి పిల్లల ముందు అది నీ మనవరాలని తెలిస్తే నీకు నామోషీయా?"

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకెందుకమ్మా నామోషీ? అలవాటు, అంతే."

"ఇదెక్కడి అలవాటు?"

"స్కూల్లో మన పిల్ల కనబడితే చూడకూడదని. నీ విషయంలో అయిదేళ్లు చేశాను కదా, ఒంటికి పట్టేసింది."

ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. వాన పడేట్టుంది అన్నట్టే అన్నాడు. నాకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

అది నేను ఎవరికీ చెప్పని సంగతి. మా ఆయనక్కూడా. ఆరో తరగతిలో చేరిన మొదటి వారం, నా పక్కన కూర్చునే అమ్మాయి వరండాలో నడుస్తూ నాన్నని చూపించింది. "ఆ గంట కొట్టే ఆయన ఎవరే? నిన్ను చూసి నవ్వుతున్నాడు" అంది. "ఏమో, నాకు తెలీదు" అన్నాను. నాన్న ఆరడుగుల దూరంలో ఉన్నాడు. మర్నాటి నుంచి ఆయన స్కూల్లో నాకేసి చూడలేదు. నోటీసు పట్టుకుని మా క్లాసుకొచ్చినా అందరి మీంచీ జారినట్టే నా మీంచి కూడా చూపు జారిపోయేది. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే నా పెన్సిళ్లు చెక్కిపెట్టేవాడు, ఎప్పటిలాగే నవ్వేవాడు. ఆయన వినలేదని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూ ఇరవై నాలుగేళ్లు గడిపాను.

"విన్నావా నాన్నా అప్పుడు?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"వినపడకపోవడానికి నాకేం చెవుడా?"

"మరి ఇంటికొచ్చాక ఒక్క మాటైనా అనలేదేం?"

"పదకొండేళ్ల పిల్లవి, నిన్నేమంటాను? నీ చదువు నీకు సాగితే చాలనుకున్నాను." తువ్వాలు మడిచి తీగ మీద వేసి బల్ల మీద కూర్చున్నాడు. "దీనికి కూడా ఆ గొడవెందుకనే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. అక్కడికి ఎలాంటి కార్లలో వస్తారో చూశావుగా. నేను గేటు దగ్గరుంటాను. పొద్దున్నే నన్ను తాతయ్యా అనాలా, అనకూడదా అని ఆలోచించుకుంటూ అది లోపలికెళ్లాలి, రోజూ. పాత స్కూల్లో వేస్తే ఆ బాధ లేదు."

నేను ముక్కు తుడుచుకున్నాను. "సరే. ఆ గేటు దగ్గర నువ్వు లేవనుకో. అప్పుడు ఏ స్కూలు?"

"కొత్తదే" అన్నాడు, మారు ఆలోచించకుండా. "పాత స్కూలు తక్కువదని కాదు. నిన్ను నిలబెట్టింది అదే. కానీ ఆ కుళాయి కట్టెయ్యమని రాసింది చూడు, నలభై ఎనిమిది మందిలో దీని కబుర్లు వినడానికి పాపం ఎవరికి తీరిక? తిట్టరు, కొట్టరు, నెమ్మదిగా సర్దేస్తారు. ఇది సర్దుకుపోతే ఇంట్లో నాకు తోచదమ్మా." వెంటనే, "అయితే అక్కడ ఎక్కాలు నేర్పరు. అవి నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు.

అన్నాక ఆయనే మళ్లీ వెనక్కి తగ్గాడు. "పోనీ నేనా పని మానేస్తాను."

"మానేస్తే సీటు కూడా పోతుంది మావయ్యగారూ!" అని మా ఆయన గదిలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. మళ్లీ ఇంట్లో పీరియడ్లు మొదలవుతాయని ఆయన భయం ఆయనది.

ఆయన వెనకాలే పిచ్చుక వచ్చింది. అంతా విన్నదని దాని మొహమే చెప్తోంది. "అమ్మా, తాతయ్య నీకు తెలీదని చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకు?"

"ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని భయమేసింది."

"ఆ అమ్మాయి ఎవరు?"

నోరు తెరిచాను, పేరు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. మొహం కూడా సరిగ్గా గుర్తు లేదు. అలాంటి మనిషి కోసం నేను మా నాన్నని ఎరగనన్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నాన్న పిచ్చుకని దగ్గరికి తీసుకుని, "ఇంటర్వెల్ అయిపోయింది, ఇక అందరూ లేవండి" అన్నాడు.

శుక్రవారం కొత్త స్కూలుకే మాట చెప్పాం. పాత స్కూలుకి నేనే స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాను. "మా నాన్న పనిచేసేచోట వేస్తున్నాం టీచర్" అన్నాను. అనడానికి తేలిగ్గానే ఉంది. హెడ్‌మిస్ట్రెస్, ఎక్కాల విషయం మర్చిపోవద్దని నాకు కూడా గట్టిగా చెప్పి పంపింది.

మొదటి రోజు పిచ్చుక వీధి మలుపు నుంచే "తాతయ్యా!" అని కేక పెట్టింది. నాన్న అలవాటు ప్రకారం చెట్లకేసి చూశాడు. అది వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, ఆయన కిందికి చూసేదాకా కదల్లేదు. వెనక నలుగురు పిల్లలు ఆగిపోయారు. చివరికి చూశాడు. అది బ్యాగు సర్దుకుని, వెనక్కి తిరగకుండా లోపలికి పరిగెత్తింది.

నేను ముందురోజు నుంచే సిద్ధపడి ఉన్నాను. ఆయన ఎవరని ఎవరైనా అడిగితే గట్టిగా చెప్పాలని. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అంత రద్దీలో గేటు మనిషి ఎవరన్నది ఎవరికి కావాలి? ఇలా కాదని, పక్కన ఆగిన కారులోంచి అద్దం దించి చూస్తున్న ఒకావిడ దగ్గరికి వెళ్లి, అడక్కపోయినా, "ఆయన మా నాన్న" అన్నాను. గొంతు కొంచెం ఎక్కువే లేచింది.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయ్యో, అలాగా! అయితే మీ నాన్నగారితో చెప్పి మా కారు లోపలిదాకా పోనివ్వమనరూ? బాబుకి బ్యాగు బరువు."

ఇక తప్పుతుందా? వెళ్లి అడిగాను. నాన్న ఆ కారుని చూశాడు, నన్ను చూశాడు. వాకీటాకీ చంకలో పెట్టుకుని, అక్కడున్న కార్లన్నిటికీ వినపడేలా అన్నాడు.

"కుదరదమ్మా! సాక్షాత్తూ మా అమ్మాయే వచ్చి చెప్పినా సరే, లోపలికి కార్లు వెళ్లవు."

స్కూలు గేటు దగ్గర ఆయన నన్ను మా అమ్మాయి అనడం అదే మొదటిసారి. నాకు కళ్లనిండా నీళ్లు, నవ్వు, రెండూ వచ్చాయి. దారికడ్డంగా అక్కడే నిలబడిపోయాను, వెనక కార్లు ఎన్నిసార్లు హారన్ కొట్టినా.